కాఫీకి బదులు ఏం తాగాలి? ఖర్జూరం గింజలు, బార్లీ, పప్పుశనగలు, ధనియాలతో ఇంట్లోనే పొడి చేసుకునే పద్ధతి

“కాఫీ తగ్గించమని డాక్టర్ చెప్పారు, కానీ పొద్దున్నే గ్లాసు చేతిలో లేకపోతే ఏమీ తోచదు, బదులుగా ఏం తాగాలి” అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒకరికి అసిడిటీ, ఒకరికి రాత్రి నిద్ర పట్టదు, ఇంకొకరు కడుపుతో ఉన్నారు. బార్లీ వేయించి కాస్తే గంజిలా వచ్చిందని ఒకరు, ఖర్జూరం గింజలు మిక్సీలో వేస్తే జార్ పగిలిందని ఇంకొకరు చెప్పారు. అందుకే సరుకు తెచ్చుకోవడం దగ్గర్నుంచి గ్లాసులో పోసుకునేదాకా మొత్తం వరసగా రాస్తున్నాను. నేనుండేది అనంతపురంలో, ఇక్కడి కిరాణా అంగళ్లలో దొరికేవాటితోనే చెబుతున్నాను. కర్నూలు, కడప వాళ్లకూ ఇవన్నీ సులువుగానే దొరుకుతాయి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ పొడుల్లో రుచి సరుకు మీద కంటే వేయింపు మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. పచ్చి కాఫీ గింజకు కూడా మనకు తెలిసిన కాఫీ వాసన ఉండదు. గింజలోని చక్కెరలు, ప్రొటీన్లు వేడికి కలిసి రంగు మారినప్పుడే ఆ వాసన, ఆ చేదు పుడతాయి. బార్లీలో, శనగల్లో, ఖర్జూరం గింజల్లో జరిగేదీ అదే. కాబట్టి పది నిమిషాల్లో పని అయిపోవాలనుకునేవాళ్లు నేరుగా 8వ భాగంలోని ధనియాల కాఫీకి వెళ్లండి, మిగతావాటికి ఒక ఆదివారం పొద్దుటిపూట కేటాయించుకోవాలి.

1. మీకు ఏది సరిపోతుందో తేల్చుకోండి

అన్నీ ఒకేసారి చెయ్యొద్దు. మీరు కాఫీలో దేన్ని ఇష్టపడుతున్నారో దాన్ని బట్టి ఎంచుకోండి.

- నల్లటి రంగు, గట్టి చేదు కావాలి: ఖర్జూరం గింజల పొడి.
- పాలు పోసుకుని తాగే ఫిల్టర్ కాఫీలాంటిది కావాలి: బార్లీ, పప్పుశనగల పొడి, అందులో కొంచెం చికోరీ (కాఫీ పొడుల్లో కలిపే ఒక వేరు పొడి).
- సాయంత్రం పూట వేడిగా, ఘాటుగా ఏదో ఒకటి చాలు: ధనియాలు, శొంఠి.
- గోధుమలు, బార్లీ పడనివాళ్లు: బార్లీ వదిలేసి శనగలు లేదా ఖర్జూరం గింజలు. బార్లీలో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది, ఎంత వేయించినా అది పోదు.

పైన చెప్పినవాటిలో దేనిలోనూ కెఫీన్ లేదు. అయితే కాఫీ మానేసి టీకి మారితే కెఫీన్ పూర్తిగా పోయినట్టు కాదు, దాంట్లోనూ ఉంటుంది.

రాగులతో చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. చేయొచ్చు గానీ రాగి పొడిని కాచి వడకట్టడం దండగ. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, వడకడితే అందులో ఎక్కువ భాగం మడ్డితో పాటే బయటికి పోతుంది. రాగులను జావగానో, మాల్ట్‌గానో తాగితేనే లాభం, వాటిని కాఫీగా మార్చే ప్రయత్నం నేనైతే వద్దంటాను.

2. సరుకులు, సామాన్లు

ఖర్జూరం గింజల పొడికి:
- ఖర్జూరం గింజలు పావుకిలో
- నానబెట్టడానికి గిన్నె, ఆరబెట్టడానికి పాత నూలు గుడ్డ

బార్లీ పొడికి:
- బార్లీ గింజలు పావుకిలో (పిండి కాదు, గింజలే)
- పొట్టు తీయని పప్పుశనగలు 125 గ్రాములు
- చికోరీ పొడి 2 పెద్ద చెంచాలు, కావాలనుకుంటేనే

రెండింటికీ:
- మందమైన ఇనుప మూకుడు. పలచటి అల్యూమినియం గిన్నెలో అడుగు మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. నాన్‌స్టిక్ కూడా వద్దు, ఖాళీ పాత్రను అంతసేపు వేడి మీద ఉంచకూడదు.
- పొడవాటి పిడి ఉన్న చెక్క గరిటె
- రోలు, రోకలి లేదా ఇనుప కల్వం
- మిక్సీలో చిన్న జార్, రవ్వ జల్లెడ
- తడి లేని గాజు సీసా, దాని మీద తేదీ రాసి అంటించడానికి చిన్న కాగితం

పావుకిలో ఖర్జూరం గింజలు రావాలంటే రెండు కిలోలకు పైగా పండ్లు కావాలి, ఎందుకంటే పండు బరువులో గింజ పదో వంతో, కాస్త ఎక్కువో ఉంటుంది. కాబట్టి ఒక్కరోజులో పోగుకావు. రంజాన్ నెలలో ఇఫ్తార్‌కు చాలా ఇళ్లలో ఖర్జూరాలు కొంటారు, అప్పుడు దాచుకుంటే సులభం. అనంతపురం వైపు ఖర్జూరం సాగు చేసే రైతులు ఉన్నారు, ఆ తాజా పండ్ల గింజలూ పనికొస్తాయి. పండును ముందే కత్తితో చీల్చి గింజ తీసేసి తినండి. నోట్లో పెట్టుకుని ఊసిన గింజలను ఇంట్లో అందరూ తాగే పొడిలో కలపొద్దు. వెంటనే కడిగి ఆరబెట్టి డబ్బాలో వేసుకుంటూ పోతే నెల, రెండు నెలల్లో సరిపడా అవుతాయి.

పప్పుశనగల విషయంలో మనం అదృష్టవంతులం, నంద్యాల, ఉరవకొండ, జమ్మలమడుగు నల్లరేగడి నేలల్లో పండేవే దొరుకుతాయి. చిన్నగా, ముదురు రంగులో ఉండే నాటు శనగలు తీసుకోండి. తెల్లటి కాబూలీ శనగలు లావుగా ఉండి లోపలిదాకా వేగవు. అంగట్లో దొరికే వేయించిన పుట్నాలు అసలు వద్దు, వాటిని పొడి చేసి కాస్తే పలచటి పిండి నీళ్లు తప్ప ఏమీ రాదు.

3. కడగడం, ఆరబెట్టడం

ఖర్జూరం గింజలను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టండి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చండి. గింజకు అంటుకుని ఒక పలచటి పొర, పండు తీపి గుజ్జు ఉంటాయి. నానాక గోనెగుడ్డ ముక్క మీద వేసి అరచేత్తో రుద్దితే ఊడొస్తాయి. గింజ గాడిలో ఇరుక్కున్నది కూడా పుల్లతో తీసేయండి. ఈ తీపి మిగిలిపోతే మూకుట్లో గింజ వేగకముందే అది మాడుతుంది, పొడి మొత్తానికి మాడు వాసన పడుతుంది.

తర్వాత ఎండ. మార్చి నుంచి మే దాకా మన ఎండకు రెండు రోజులు చాలు, వానాకాలంలో నాలుగైదు రోజులు పట్టొచ్చు. రాత్రిళ్లు లోపల పెట్టుకోండి. మీద పలచటి గుడ్డ కప్పితే దుమ్ము పడదు.

బార్లీని, శనగలను చాటలో చెరిగి రాళ్లు, పుచ్చులు ఏరేయండి. ఒకసారి కడిగి గుడ్డ మీద పరిచి పూర్తిగా ఆరనివ్వండి. పురుగు పట్టిన శనగ ఒక్కటి కూడా ఉండకూడదు. బూజు వాసన వస్తే మొత్తం పారేయండి, వేయిస్తే బూజు విషం పోతుందనుకోవడం తప్పు.

వేయించే ముందు చూసుకోవాల్సినవి:
- గింజను గోటితో నొక్కితే తడి తగలకూడదు
- రెండు గింజలు కొట్టుకుంటే టక్కుమని గట్టిగా మోగాలి
- ఏ సరుకు ఆ సరుకే విడిగా ఉండాలి, కలిపి వేయించకూడదు

4. వేయింపు

వంటింటి కిటికీలు తెరిచి పెట్టుకోండి, పొగ వస్తుంది. మూకుడు ఖాళీగా రెండు నిమిషాలు వేడెక్కాక సరుకు వెయ్యండి, ఒకే వరసగా పరుచుకునేంతే వెయ్యాలి. పావుకిలో ఒకేసారి పట్టకపోతే రెండు వాయిలుగా చెయ్యండి. సన్న సెగకూ మధ్య సెగకూ నడుమ పెట్టి కలుపుతూనే ఉండండి.

బార్లీ: మొదటి ఐదు నిమిషాల్లో ఏమీ కనిపించదు. తర్వాత చిటపటమని కొన్ని గింజలు ఉబ్బుతాయి, పేలాల వాసన వస్తుంది. చాలామంది ఇక్కడే అయిపోయిందనుకుని దించేస్తారు, గంజిలా రావడానికి మొదటి కారణం అదే. ఇంకా వేయించాలి. లేత గోధుమ రంగు, తర్వాత ముదురు గోధుమ, తర్వాత కాఫీ గింజ రంగు. మొత్తం ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు. ముదురుగా వేగేకొద్దీ గింజలోని పిండి పదార్థం విరిగి చిక్కదనం తగ్గుతుంది, కాచినా గంజి కట్టదు.

పప్పుశనగలు: వీటికి అరగంట పైనే. పొట్టు త్వరగా నల్లబడి మోసం చేస్తుంది, దాన్ని చూసి దించొద్దు. ఐదు నిమిషాలకోసారి ఒక శనగను తీసి రోట్లో చిదిపి లోపల చూడండి. లోపల పసుపుగా ఉంటే ఇంకా పచ్చి. నడిమధ్య కూడా ముదురు గోధుమ రంగుకు వచ్చి, వేళ్లతో నలిపితే పొడిగా రాలితే సరి.

ఖర్జూరం గింజలు: ఇవి రాయిలాంటివి. సన్న సెగ మీద నలభై ఐదు నిమిషాల దాకా పడుతుంది, పెద్ద గింజలైతే ఇంకా ఎక్కువే. మొదట వేడి చెక్క వాసన వస్తుంది, అరగంట దాటాక రొట్టె కాల్చిన వాసన, ఆఖర్లో చాక్లెట్‌కు దగ్గరగా ఉండే ఒక వాసన. ఒక గింజను తీసి రెండు నిమిషాలు చల్లార్చి రోకలితో ఒక్క దెబ్బ కొట్టండి. రెండు మూడు ముక్కలై లోపలంతా ఒకే ముదురు రంగు ఉంటే అయిపోయినట్టు. ముక్క కాకుండా జారిపోయినా, లోపల తెల్లగా కనిపించినా మళ్లీ మూకుట్లోకే. ఇంట్లో ఒవెన్ ఉంటే 200 డిగ్రీల దగ్గర, పది నిమిషాలకోసారి కలుపుతూ ఇదే పని చెయ్యొచ్చు, చేతికి శ్రమ తగ్గుతుంది.

రంగు అనుకున్నదానికి ఒక మెట్టు ముందే స్టవ్ ఆపేయండి. ఇనుప మూకుట్లో వేడి వెంటనే తగ్గదు, వదిలేస్తే అడుగున ఉన్నవి బొగ్గవుతాయి. వెంటనే వెడల్పాటి పళ్లెంలోకో, చాటలోకో తీసి విసరండి.

నల్లగా మాడ్చడం వల్ల రుచి పాడవడమే కాదు, ఇంకో సంగతీ ఉంది. పిండి పదార్థాలు 120 డిగ్రీలు దాటి పొడి వేడికి గురైనప్పుడు అక్రిలమైడ్ అనే పదార్థం తయారవుతుంది, ఇది ఒంటికి ఎక్కువ చేరడం మంచిది కాదు. కాఫీలోనూ ఉంటుంది, బిస్కెట్లు, చిప్స్‌లోనూ ఉంటుంది. ఐరోపా సమాఖ్య 2017లో ప్రమాణాలు పెట్టినప్పుడు కిలోకు వేయించిన కాఫీకి 400, ధాన్యాలతో చేసిన కాఫీకి 500 మైక్రోగ్రాములు అని పెట్టి, చికోరీకి మాత్రం 4000 అని పెట్టింది, ఎందుకంటే చికోరీ వేరులో అది సహజంగానే అంత ఎక్కువ తయారవుతుంది. భయపడి మానేయాల్సిన పని లేదు. కానీ మాడిన గింజలను ఏరి పారేయడం, చికోరీని రంగు కోసం కొద్దిగానే వాడటం మన చేతిలో ఉన్న పని.

5. దంచడం, పొడి చేయడం

పూర్తిగా చల్లారాకే. వేడి మీద పొడి చేస్తే ఆవిరి పట్టి ఉండలు కడుతుంది.

ఖర్జూరం గింజలను మాత్రం నేరుగా మిక్సీలో వెయ్యొద్దు. జార్ పగలడం, బ్లేడు వంగడం దీనివల్లే. ముందు రోట్లో వేసి, ఎగిరిపోకుండా పైన గుడ్డ కప్పి, శనగపప్పు అంత ముక్కలు అయ్యేదాకా దంచండి. తర్వాత చిన్న జార్‌లో గుప్పెడు చొప్పున వేసి, ఆపి ఆపి తిప్పండి. జల్లించి, పైన మిగిలిన రవ్వను మళ్లీ తిప్పండి. ఎంత దంచినా నలగని ముక్కలుంటే అవి సరిగా వేగలేదని అర్థం, వాటిని మూకుట్లో ఇంకో పది నిమిషాలు వేయించండి.

బార్లీ, శనగల పొడి మెత్తగా ఉండకూడదు. బొంబాయి రవ్వకు కాస్త సన్నగా ఉంటే చాలు. మెత్తటి పిండి చేస్తే వడకట్టేటప్పుడు గుడ్డ మూసుకుపోతుంది, గ్లాసు అడుగున బురద చేరుతుంది. విడివిడిగా పొడి చేసి, బార్లీ రెండు వంతులు, శనగలు ఒక వంతు కలపండి. శనగల వల్ల గ్యాస్ పట్టేవాళ్లు శనగలు సగం తగ్గించుకోవచ్చు.

చికోరీ కలిపితే రంగు, చిక్కటి చేదు వస్తాయి. మనం తాగే ఫిల్టర్ కాఫీ పొడుల్లో చాలావాటిలో అది ముందే ఉంటుంది. మన దేశ నిబంధనల ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంటే 49 శాతం దాకా చికోరీ ఉండొచ్చు. ఎంత ఉందో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. అందువల్ల మీ నాలుకకు అలవాటైన రుచిలో కొంత చికోరీదే, పూర్తిగా తీసేస్తే ఏదో తక్కువైనట్టు అనిపించడం సహజం.

6. కాచడం

ఈ పొడులను స్టీలు ఫిల్టర్‌లో వేసి మరిగే నీళ్లు పోసి వదిలేస్తే పలచటి రంగు నీళ్లే దిగుతాయి, ధాన్యం పొడి అయితే రంధ్రాలు పూడుకుపోయి అది కూడా దిగదు. వీటిని కాచాల్సిందే.

ఇద్దరికి కొలత:
- నీళ్లు ఒకటిన్నర గ్లాసులు, సుమారు 300 మిల్లీలీటర్లు
- పొడి 3 టీ చెంచాలు
- పాలు అర గ్లాసు, ఇష్టమైతే

వరస ఇది:
- చల్లటి నీళ్లలోనే పొడి వేసి కలిపి స్టవ్ మీద పెట్టండి. మరిగే నీళ్లలో వేస్తే ఉండ కడుతుంది.
- పొంగు వచ్చాక సన్న సెగ మీద బార్లీ, శనగల పొడి ఐదు నిమిషాలు, ఖర్జూరం గింజల పొడి ఎనిమిది నిమిషాలు మరగనివ్వండి.
- స్టవ్ ఆపి మూత పెట్టి మూడు నిమిషాలు కదపకుండా ఉంచండి, మడ్డి అడుక్కి దిగుతుంది.
- తేటను మెల్లగా వంచుతూ తడిపిన పలచటి నూలు గుడ్డలో వడకట్టండి. గుడ్డను పిండొద్దు, పిండితే బురద దిగుతుంది.

కాచడానికి మీరు రోజూ తాగే మంచినీళ్లే వాడండి, బోరు నీళ్లు వద్దు. ఉప్పు నీళ్లలో రుచి చప్పబడుతుందన్నది ఒకటి. అంతకంటే ముఖ్యం, మన జిల్లాలో ఫ్లోరైడ్ ఉన్న పల్లెలు చాలా ఉన్నాయి, మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

7. పాలు, బెల్లం

పాలు విడిగా కాచి, డికాక్షన్‌లో చివర కలపండి. బెల్లం వేసి పాలు మరిగిస్తే విరుగుతాయి, అందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఇదే. బెల్లాన్ని డికాక్షన్‌లో కరిగించి, వడకట్టి, స్టవ్ దించి కాస్త వేడి తగ్గాక పాలు పోసుకోండి. పాత బెల్లం పులుపెక్కి ఉంటే అప్పుడూ విరగొచ్చు, అలాంటప్పుడు గ్లాసులో పాలు పోశాక చివర్లో బెల్లం పొడి వేసి తిప్పండి.

ఖర్జూరం గింజల కాఫీ పాలు లేకుండా కూడా బాగుంటుంది. బార్లీ, శనగలదానికి పాలు ఉంటేనే నిండుదనం.

షుగర్ ఉన్నవాళ్లు బెల్లం, తాటిబెల్లం మంచివే కదా అని వేసుకోవద్దు. రక్తంలో చక్కెర పెంచడంలో పంచదారకూ వాటికీ పెద్ద తేడా లేదు.

8. పది నిమిషాల్లో అయ్యే ధనియాల కాఫీ

జ్వరం వచ్చినప్పుడు, పథ్యం ఉన్నప్పుడు చాలా ఇళ్లలో అవ్వలు పెట్టేది ఇదే.

ధనియాలు నాలుగు పెద్ద చెంచాలు, శొంఠి బొటనవేలంత ముక్క, మిరియాలు ఒక టీ చెంచా, జీలకర్ర ఒక టీ చెంచా, యాలకులు నాలుగు. ధనియాలను సన్న సెగ మీద మూడు నాలుగు నిమిషాలు, కమ్మటి వాసన రాగానే దించేయండి. బార్లీని వేయించినట్టు దీన్ని నల్లగా వేయించకూడదు, వాసనంతా దాని నూనెలో ఉంటుంది, అది ఎగిరిపోతే చెక్కపొట్టు మిగులుతుంది. శొంఠిని ముందు దంచి, తర్వాత అన్నీ కలిపి బరకగా పొడి చెయ్యండి.

గ్లాసు నీళ్లకు ఒక టీ చెంచా పొడి, కొంచెం తాటిబెల్లం. ఐదు నిమిషాలు మరిగించి వడకట్టండి. పాలు వద్దు, పోస్తే ఘాటు చచ్చిపోతుంది.

కడుపులో మంట ఉన్నవాళ్లు మిరియాలు మానేసి శొంఠి సగం చేసుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు రోజూ శొంఠి తాగాలనుకుంటే ముందు డాక్టర్‌ను అడగండి.

9. చింతగింజల సంగతి

హిందూపురం చింతపండు మార్కెట్ మనకు దగ్గర కాబట్టి గింజలు ఊరికే దొరుకుతాయి, అందుకే ఇది అడుగుతారు. చేసుకోవచ్చు గానీ శ్రమ ఎక్కువ. ఇసుకలో వేయించి, ఎర్రటి పైపెంకు పూర్తిగా దంచి తీసేసి, లోపలి తెల్ల పప్పును మళ్లీ ముదురు రంగు వచ్చేదాకా వేయించాలి. పెంకు మిగిలితే విపరీతమైన వగరు, మలబద్ధకం. పప్పులో జిగురు చాలా ఎక్కువ, కంబళ్లు నేసేవాళ్లు చింతగింజల గంజి పెట్టేది ఆ జిగురు కోసమే. అందువల్ల ఒక్కదాన్నే కాస్తే సాగుతుంది. బార్లీ పొడిలో పదో వంతు కలిపితే చిక్కదనం బాగుంటుంది, అంతకు మించి వద్దు.

10. కాఫీని ఒక్కసారిగా మానేయొద్దు

రోజూ రెండు మూడు గ్లాసులు తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో బాగా ముదురుతుంది, వారం దాకా ఉండొచ్చు. చిరాకు, నిద్రమత్తు, పనిమీద ధ్యాస లేకపోవడం కూడా ఉంటాయి. చాలామంది దీన్ని కొత్త పొడి పడలేదని అనుకుని మళ్లీ కాఫీకి వెళ్లిపోతారు. అది పొడి వల్ల కాదు, కెఫీన్ అందకపోవడం వల్ల.

- మొదటి వారం: గ్లాసులో మూడు వంతులు కాఫీ డికాక్షన్, ఒక వంతు మన డికాక్షన్
- రెండో వారం: సగం సగం
- మూడో వారం: ఒక వంతు కాఫీ, మూడు వంతులు మనది
- నాలుగో వారం: పొద్దుటి గ్లాసు కూడా పూర్తిగా మనదే

పొడులు కలపొద్దు, డికాక్షన్‌లు విడిగా చేసి గ్లాసులో కలపండి. ముందు సాయంత్రం కాఫీని మార్చండి, పొద్దుటిది చివరికి వదిలేయండి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, కాబట్టి సాయంత్రం ఐదింటికి తాగిన కాఫీలో సగం కెఫీన్ రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర సమస్య ఉన్నవాళ్లకు ఈ ఒక్క మార్పుతోనే తేడా తెలుస్తుంది.

11. ఆరోగ్యానికి ఎంత మేలు

ఇందులో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఈ కాఫీల వల్ల వచ్చే మేలులో పెద్ద భాగం వాటిలో ఉన్నదాని వల్ల కాదు, లేని కెఫీన్ వల్ల. షుగర్ తగ్గిస్తుంది, కొలెస్ట్రాల్ కరిగిస్తుంది అని ప్యాకెట్ల మీద రాసేవన్నీ నమ్మి డబ్బు పెట్టొద్దు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీన్ తీసుకోకపోవడం మంచిది. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని అందులోనే చెప్పారు. గర్భిణులకు చాలామంది వైద్యులు 200 దాటొద్దంటారు. మీ ఇంటి గ్లాసు 150 పడుతుందో, 250 పడుతుందో ఒకసారి కొలిచి చూసుకోండి.

ఇక సరుకుల విషయం. చికోరీ వేరులో ఇన్యులిన్ అనే పీచు ఉంటుంది, వేయించినప్పుడు కొంత పోయినా మిగిలింది పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు ఆహారం అవుతుంది. అదే పీచు కొందరికి గ్యాస్, ఉబ్బరం తెస్తుంది. చికోరీ, వయ్యారిభామ ఒకే కుటుంబం మొక్కలు, కాబట్టి వయ్యారిభామ తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్లు చికోరీని కొద్దిగా మొదలుపెట్టి చూసుకోవాలి. బార్లీలోని బీటాగ్లూకాన్ అనే పీచు చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది, నిజమే, కానీ దానికి రోజుకు 3 గ్రాములు కావాలి, వడకట్టిన గ్లాసులో అంత రాదు. ఆ మేలు కావాలంటే బార్లీని అన్నంలా వండుకుని తినండి. ఖర్జూరం గింజలోనూ పీచు చాలా ఉంది, అదీ మడ్డిలోనే మిగిలిపోతుంది. డికాక్షన్‌లోకి దిగేది కొన్ని పాలీఫినాల్స్ (మొక్కల్లో సహజంగా ఉండే పదార్థాలు), రంగు, రుచి.

కెఫీన్ లేదు కదా అని భోజనంతో పాటు తాగొద్దు. ఈ పాలీఫినాల్స్ కూడా అన్నంలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. రక్తహీనత ఉన్నవాళ్లు, ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు భోజనానికి ముందూ వెనకా గంట ఎడం ఇవ్వాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకునేవాళ్లు అరగంట నుంచి గంట ఆగాకే ఏదైనా తాగాలి, ఈ కాఫీ అయినా సరే.

12. తేడా వస్తే ఏం చెయ్యాలి

- పచ్చిపిండి వాసన: వేయింపు చాల్లేదు. పొడినే మూకుట్లో సన్న సెగ మీద ఐదారు నిమిషాలు కలుపుతూ వేయించండి, గింజగా ఉన్నప్పటికంటే చాలా త్వరగా మాడుతుంది, కళ్లు తిప్పొద్దు.
- గొంతు పట్టేసే చేదు: మాడింది. దీనికి మందు లేదు, ఆ వాయి పారేయండి. మంచి పొడిలో కలిపితే అదీ చెడుతుంది.
- గంజిలా చిక్కగా: పొడి మరీ మెత్తగా ఉంది, లేదా లేతగా వేగింది. జల్లెడ పట్టి బరక మాత్రం వాడండి, మెత్తటిది చపాతీ పిండిలో కలిపేసుకోవచ్చు.
- రంగు ఉంది, రుచి లేదు: పొడి సరిపోలేదు లేదా తక్కువసేపు కాచారు. ముందు టైమ్ పెంచి చూడండి, తర్వాతే పొడి.
- సీసాలో ముక్కిపోయిన వాసన: గింజల్లోని నూనె పాడైంది. నెలకు సరిపడా మాత్రమే చేసుకోండి, తడి చెంచా పెట్టొద్దు, స్టవ్ పక్కన ఉంచొద్దు.

13. పొలం గట్ల మీద గింజలు ఏరుకురావొద్దు

తగిరిస అనే కలుపు మొక్క గింజలతో కాఫీ చేస్తారని విని కొందరు బీళ్లలో గింజలు కోసుకొస్తున్నారు. తగిరిస పక్కనే, చూడ్డానికి దాదాపు అలాగే ఉండే కసింద పెరుగుతుంది. రెండింటికీ పసుపు పూలే, రెండింటికీ కాయలే. కసింద గింజల్లో విషం ఉంది. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో చలికాలంలో పిల్లలు వరసగా చనిపోతుంటే ఏళ్ల తరబడి మెదడువాపు అనుకున్నారు, చివరికి పిల్లలు ఆడుకుంటూ తిన్న కసింద గింజలే కారణమని వైద్యులు తేల్చారు. కాలేయం, కండరాలు, మెదడు మూడూ దెబ్బతింటాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గింజలను గుమ్మం లోపలికి కూడా తేవొద్దు. పైన చెప్పిన సరుకులన్నీ అంగట్లో తక్కువ ధరకే దొరుకుతాయి, వాటితోనే చేసుకోండి.